ప్రోగ్రాముకు రుజువు: మామిడికాయల లెక్కతో మొదలైన ఒక చదువు



మన ట్రస్టు ఉపకార వేతనాల దరఖాస్తులు చూసేటప్పుడు "మీరు ఏం చదవాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు చాలామంది "కంప్యూటర్ సైన్స్" అని రాస్తారు. "ఆ తర్వాత?" అంటే "బెంగళూరులో ఉద్యోగం". ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. హోసూరు నుంచి అత్తిబెలె దాటితే ఎలక్ట్రానిక్స్ సిటీ వచ్చేస్తుంది. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరే దూరంలో ఉద్యోగాలున్నప్పుడు అటే చూస్తారు గదా. అయితే కిందటి సారి చెక్కులు ఇచ్చే సభలో ఒక అమ్మాయి నన్ను వేరే ప్రశ్న అడిగింది. "సార్, మీరు పిహెచ్.డి. దేంట్లో చేశారు?" ప్రోగ్రామింగ్ భాషలు, తర్కశాస్త్రం అన్నాను. "సి, జావా లాంటివా? అవి ఎప్పుడో కనిపెట్టేశారు గదా సార్, ఇంకా పరిశోధన ఏముంటుంది?" అంది. మైకులో పేర్లు పిలుస్తున్నారు, ఆ గోలలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ అమ్మాయి కోసం, ఆమెలాగే అడగాలనుకుని ఊరుకున్నవాళ్ల కోసం.

కాటా దగ్గర జరిగిన సంగతి

2004 మామిడి సీజను. ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా ఆ ఫిబ్రవరిలోనే ఏర్పడింది. నేను ఇంజనీరింగ్ చివరి ఏడాదికి వచ్చాను. కావేరీపట్నం వైపు తోతాపురి కాయ కొని గుజ్జు తీసే ఒక చిన్న ఫ్యాక్టరీలో లెక్కల ప్రోగ్రాము కావాలంటే, తెలిసినవాళ్ల ద్వారా ఆ పని నాకు దొరికింది. పాత కంప్యూటరు, అందులో టర్బో సి. కాలేజీలో మాకు నేర్పిందీ అదే. పని చాలా సులువు. రైతు బండి కాటా ఎక్కుతుంది, కాయ బరువు కిలోల్లో టైపు చేస్తారు, ఆ రైతు పేరు మీద సీజను మొదటి నుంచి ఎంత కాయ వచ్చిందో ప్రోగ్రాము కలుపుకుంటూ పోతుంది, ధరతో గుణించి చీటీ ఇస్తుంది. ముఖ్యమైన వరుస ఒక్కటే:

మొత్తం = మొత్తం + బరువు

పదిరకాల లెక్కలు వేసి చూశాను, అన్నీ సరిపోయాయి. మే నెలంతా బాగా నడిచింది. జూన్‌లో ఒక శనివారం ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. నాలుగు తోటలు గుత్తకు తీసుకున్న ఒక పెద్దాయన ట్రాక్టరులో కాయ తెచ్చాడు. అప్పటికి ఆయన లెక్కలో 32,410 కిలోలు ఉన్నాయి. ఆ రోజు బరువు 1,260. చీటీ మీద మొత్తం మైనస్ 31,866 కిలోలని వచ్చింది. దాన్ని ధరతో గుణిస్తే లక్ష రూపాయలకు పైన ఆ పెద్దాయనే ఫ్యాక్టరీకి బాకీ. గుమాస్తా చీటీని తిప్పి తిప్పి చూసి, "కంప్యూటరు ఇట్లా చెప్తోంది, నేనేం చేసేది" అని డబ్బు ఆపేశాడు. ఆ సాయంత్రం కాయ కోసిన కూలీలకు ఇస్తానని ఆయన మాటిచ్చి ఉన్నాడు.

నేను వెళ్లేసరికి పెద్దాయన కాటా పక్కనే కూర్చుని ఉన్నాడు. కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "ఏం నాయనా, సీజనంతా కాయ తోలినోణ్ని నేనే బాకీ పడతానా? బండి వచ్చే కొద్దీ లెక్క ఎక్కాల గానీ, దిగేదెట్లా?"

తప్పు నాదే. టర్బో సిలో మామూలు పూర్ణసంఖ్యకు 16 గడులు ఉంటాయి, ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది. అందులో ఇమిడేవి మైనస్ 32,768 నుంచి 32,767 వరకే. మన హోసూరులో తయారైన పాత టి.వి.ఎస్. 50 మోపెడ్ మీటరు అన్ని తొమ్మిదులూ దాటాక మళ్లీ సున్నాల దగ్గరికి వచ్చినట్టే ఇదీ తిరుగుతుంది. తేడా ఏమిటంటే 32,767 తర్వాత సున్నా రాదు, మైనస్ 32,768 వస్తుంది. 33,670 రావలసిన చోట 65,536 తగ్గి మైనస్ 31,866 వచ్చింది. పెద్ద సంఖ్యలు పట్టే రకానికి మార్చాను, అయిదు నిమిషాల పని. కానీ ఫ్యాక్టరీలో పాత పుస్తకంతో సరిచూసి డబ్బు ఇచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఆ శనివారం కూలీలకు పెద్దాయన ఎక్కడ తెచ్చి ఇచ్చాడో నాకు తెలియదు, అడిగే మొహం లేకపోయింది.

ఇంటికి వచ్చాక ఒక ప్రశ్న వదల్లేదు. ఈ తప్పు బయటపడింది, దిద్దాను. ఇంకొకటి లేదని నాకెట్లా తెలుసు? ఇంకా పది లెక్కలు వేసి చూడాలా? వంద వేసి చూడాలా? ఎన్ని వేస్తే చాలు?

వేసి చూడడం, రుజువు చేయడం

ఎన్ని వేసినా చాలదు. ఒక లెక్క చూడండి. ఇప్పటి కంప్యూటర్లలో సాధారణంగా పూర్ణసంఖ్యకు 32 గడులు ఉంటాయి. రెండు సంఖ్యల్ని తీసుకునే ఒక చిన్న ప్రోగ్రామును అన్ని జతలతోనూ పరీక్షించాలంటే 2ను 64 సార్లు వేసి గుణించినన్ని పరీక్షలు కావాలి. సెకనుకు వంద కోట్ల పరీక్షలు చేసినా సుమారు 585 ఏళ్లు పడుతుంది. విజయనగర రాయల కాలంలో మొదలుపెట్టి ఉంటే ఈమధ్యకు ముగిసేది. పరీక్షలు తప్పు ఉందని చూపగలవు, తప్పు లేదని చూపలేవు అని డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1970 ప్రాంతంలోనే చెప్పాడు.

బడిలో త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలని నేర్చుకున్నాం. లోకంలోని త్రిభుజాలన్నిటినీ కొలిచి చెప్పిన మాట కాదది, రుజువు చేసినది. ప్రోగ్రాముకూ అట్లా రుజువు రాయగలమా? రాయగలం అన్న మొదటివాళ్లలో ఒకడు ఇంగ్లండుకు చెందిన అలన్ ట్యూరింగ్. 1949లో కేంబ్రిడ్జిలో జరిగిన ఒక సమావేశంలో ఆయన చిన్న పత్రం చదివాడు. అందులో ఆయన తీసుకున్న పోలిక మన షావుకార్లకు కూడా అర్థమవుతుంది. పెద్ద కూడిక చేసి చివరి మొత్తం ఒక్కటే ఇస్తే, సరిచూసేవాడు మళ్లీ మొదటి నుంచి కూడాలి. పక్క వరుసకు ఎక్కించిన అంకెలు కూడా రాసి ఇస్తే ఒక్కో వరుసను విడిగా సరిచూడవచ్చు. ప్రోగ్రాము మధ్యమధ్యలో కూడా "ఇక్కడికి వచ్చేసరికి ఇది నిజమై ఉండాలి" అని రాసిపెడితే సరిచూడడం అట్లాగే తేలికవుతుంది. 1967లో అమెరికాలో రాబర్ట్ ఫ్లాయిడ్ ఈ పద్ధతిని స్థిరపరిచాడు. 1969లో టోనీ హోర్ దానికి నియమాలు కట్టి తర్కశాస్త్రంగా మార్చాడు. ఈయన 1934లో కొలంబోలో పుట్టిన ఇంగ్లీషువాడు.

హోర్ పద్ధతిలో ప్రతి ప్రోగ్రాము ముక్కకూ రెండు వాక్యాలు ఉంటాయి. ముందు ఏది నిజమై ఉండాలి, తర్వాత ఏది నిజమవుతుంది. పదేపదే నడిచే ముక్కకైతే ఇంకొకటి కావాలి. ఎన్ని చుట్లు తిరిగినా చెడకుండా నిలిచే నిజం. దీన్ని ఇంగ్లీషులో ఇన్వేరియంట్ అంటారు, నేను "నిలకడ నియమం" అంటాను.

ఇప్పుడు ఆ పెద్దాయన మాట మళ్లీ చదవండి. బండి వచ్చే కొద్దీ లెక్క ఎక్కాలి గానీ దిగకూడదు. ఇది అచ్చంగా నిలకడ నియమం. నా ప్రోగ్రాములో ఎక్కడా రాయని వాక్యం ఆయన నోట వచ్చింది. దాన్ని రుజువు చేద్దాం. బండి రాకముందు మొత్తం సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ. వచ్చిన బరువు సున్నా కంటే ఎక్కువ. రెండూ కలిపితే పాత మొత్తం కంటే ఎక్కువే వస్తుంది. కాబట్టి నియమం నిలిచింది. రుజువు అయిపోయింది అనిపిస్తుంది కదా?

కాలేదు. "కలిపితే ఎక్కువే వస్తుంది" అన్న మెట్టు మన కాగితం మీది సంఖ్యలకు నిజం. 16 గడుల సంఖ్యలకు నిజం కావాలంటే "మొత్తం, బరువు కలిపి 32,767 దాటకూడదు" అన్న షరతు కూడా కావాలి. ఆ షరతు ఎవరు కాపాడతారని వెతికితే నా ప్రోగ్రాములో ఎవరూ లేరు. రుజువు అక్కడ ఆగిపోతుంది, ఆగిన చోటే తప్పు ఉంది. ఈ చదువు ఉపయోగం ఇదే. జూన్ దాకా ఆగక్కర్లేదు, పెద్దాయన చీటీ పట్టుకుని కాటా దగ్గర కూర్చోనక్కర్లేదు. ఇంకో విశేషం, హోర్ 1969 పత్రంలోనే ఈ సంగతి ఉంది. యంత్రంలో సంఖ్యలకు హద్దు ఉంటుందని, హద్దు దాటితే పని ఆగిపోవడమో, హద్దు దగ్గరే నిలవడమో, గిర్రున తిరిగి రావడమో జరగవచ్చని, దేనికి తగిన నియమాలు దానికి కావాలని ఆయన రాశాడు. చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

నా ఒక్కడి తప్పే కాదని తెలిశాక కొంచెం ఊరట కలిగిన మాట కూడా చెప్పాలి. 1996 జూన్ 4న యూరప్ దేశాల ఏరియాన్ 5 రాకెట్టు మొదటిసారి ఎగిరి, సుమారు 40 సెకన్లకే దారి తప్పి పేలిపోయింది. రాకెట్టు పక్కకు ఎంత వేగంగా పోతోందో దానికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను 16 గడుల పూర్ణసంఖ్యగా మార్చబోతే అది పట్టలేదు. పట్టని ఆ గది హద్దు కూడా 32,767. ఆ ముక్కను పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. పాత రాకెట్టులో ఆ సంఖ్య అంత పెద్దది కాదని లెక్కకట్టి అక్కడ కాపలా పెట్టలేదు. కొత్త రాకెట్టు వేగం వేరు. పాత షరతును కొత్త ఇంట్లో ఎవరూ మళ్లీ అడగలేదు.

ఇంకో ఉదాహరణ మీ పాఠ్యపుస్తకంలోదే. వరుసగా పేర్చిన సంఖ్యల్లో ఒకదాన్ని వెతకడానికి సగం సగం చేసుకుంటూ పోయే పద్ధతి, బైనరీ సెర్చ్. జాన్ బెంట్లీ 1986 నాటి తన పుస్తకంలో దాన్ని రుజువుతో సహా చూపించాడు. అదే పద్ధతి జావా భాష లైబ్రరీలోకి వచ్చింది. దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో అందులో తప్పు ఉందని తానే ప్రకటించాడు. మధ్య గడిని కనుక్కోవడానికి మొదలు, చివర కలిపి సగం చేస్తారు. వరుస చాలా పెద్దదైతే ఆ కలపడంలోనే 32 గడుల హద్దు దాటి సంఖ్య రుణాత్మకమవుతుంది. చివరలోంచి మొదలు తీసేసి, దానిలో సగాన్ని మొదలుకు కలిపితే సరిపోతుంది. రుజువు ఉన్న ప్రోగ్రాములో తప్పెట్లా వచ్చింది? రుజువు హద్దుల్లేని సంఖ్యల మీద చేశారు, ప్రోగ్రాము హద్దున్న సంఖ్యల మీద నడిచింది. కాబట్టి రుజువు అన్న మాట వినగానే లొంగిపోకండి. దేన్ని గురించి రుజువు అని అడగండి.

తర్కం ఎందుకు

"రుజువు రాయొచ్చు, సరే. దానికి ప్రత్యేకంగా తర్కశాస్త్రం దేనికి?" అని అడగవచ్చు. మామూలు భాషలో రాసిన రుజువులు మోసం చేస్తాయి కాబట్టి. నేను చదువుకునే రోజుల్లో ఒక సంస్థ దరఖాస్తులో ఇట్లా ఉండేది: "ప్లస్‌టూ మార్కుల పత్రం లేదా డిప్లొమా పత్రం మరియు ఆదాయ ధ్రువపత్రం జతచేయాలి." ప్లస్‌టూ వాడు ఆదాయ ధ్రువపత్రం పెట్టాలా, వద్దా? "లేదా"ను ముందు కట్టి చదివితే పెట్టాలి. "మరియు"ను ముందు కట్టి చదివితే పెట్టనక్కర్లేదు. నా స్నేహితుడు రెండో విధంగా చదివాడు. దరఖాస్తు తిరిగి వచ్చింది, ఆ ఏడాది పోయింది. ఆ వాక్యంలో రెండు బ్రాకెట్లు ఉండి ఉంటే ఆ గొడవ లేదు. తర్కశాస్త్రపు భాషలో బ్రాకెట్టు లేని వాక్యానికి కూడా దేన్ని ముందు కట్టాలో నియమం ఉంటుంది, ఒక వాక్యానికి ఒకే అర్థం. (మన ట్రస్టు దరఖాస్తులో ఆ వాక్యాన్ని రెండుగా విడగొట్టి రాయించాను. నా పిహెచ్.డి. వల్ల ఈ ప్రాంతానికి వెంటనే కలిగిన ప్రయోజనం బహుశా అదొక్కటే.)

ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడే మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. మాట వేరు, అర్థం వేరు అని మనకు చిన్నప్పుడే తెలుసు. ఒకే సంగతిని నాలుగు వ్యాకరణాల్లో చెప్పడం అలవాటు. ప్రోగ్రామింగ్ భాషల పరిశోధనలో సగం ఇదే. రాత ఒకటి, దాని అర్థం ఒకటి, రెండింటికీ మధ్య కచ్చితమైన వంతెన కట్టాలి.

తర్కం పడమటి దేశాల సరుకు మాత్రమే కాదు. తర్కం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ మొదట చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సామెత కూడా పుట్టింది. అమెరికా వెళ్లే విమానం ఎక్కేటప్పుడు మా నాన్న ఈ సామెతనే నాకు గుర్తుచేశారు. తెలుగులో అనుమానం అంటే సందేహం. న్యాయశాస్త్రంలో మాత్రం అనుమానం అంటే సరైన కారణం నుంచి నిర్ణయానికి రావడం. కొండ మీద పొగ ఉంది, పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూశాం, కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ఇందులో వంటింటి ఉదాహరణ తప్పనిసరి. కంప్యూటరుకు నేర్పే తర్కంలో ఉదాహరణకు చోటు లేదు. పొగ, నిప్పు అన్న మాటల అర్థం కూడా దానికి అక్కర్లేదు, వాక్యం ఆకారం ఒక్కటే చూస్తుంది. అందుకే యంత్రం చేత సరిచూపించగలుగుతున్నాం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. రుజువు, ప్రోగ్రాము ఒకటే. నిజంగానే ఒకటే. ఫ్యాక్టరీలో ఒక యంత్రం కాయ ఇస్తే గుజ్జు ఇస్తుంది, ఇంకొకటి గుజ్జు ఇస్తే డబ్బా ఇస్తుంది. రెండూ వరుసగా పెడితే కాయ ఇచ్చి డబ్బా తీసుకోవచ్చు. తర్కంలో "అ అయితే ఆ, ఆ అయితే ఇ, కాబట్టి అ అయితే ఇ" అనే మెట్టుకూ ఈ అమరికకూ తేడా లేదు. "అ అయితే ఆ" అన్నదానికి రుజువు అంటే, అ రుజువు ఇస్తే ఆ రుజువు తయారుచేసి ఇచ్చే ప్రోగ్రామే. హాస్కెల్ కర్రీ 1934లో ఈ పోలికను గమనించాడు, విలియం హోవర్డ్ 1969లో దాన్ని పూర్తిగా రాశాడు, అది అచ్చయింది 1980లో. కాయ, గుజ్జు, డబ్బా అన్న రకాల్నే ప్రోగ్రామింగులో టైపులు అంటాం. కాయల బరువుకు రూపాయల్ని కలపబోతే "రకాలు కలవలేదు" అని కంపైలర్ ఆపేస్తుందే, అది మీకు తెలియకుండా జరిగే చిన్న రుజువు. రకం కుదిరిన ప్రోగ్రాము దారి తప్పదు అన్న సిద్ధాంతాన్ని ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ 1978లో నిరూపించాడు.

నా అయిదు నెలలు

నా పరిశోధన ఆ మామిడి లెక్కకు కొనసాగింపే. "పూర్ణసంఖ్య" అన్న రకం చాలా వదులు. "సున్నాకు తగ్గని, 32,767 దాటని పూర్ణసంఖ్య" అని రకంలోనే షరతు రాయగలిగితే, కంపైలరే ఆ షరతులన్నీ నిలుస్తాయో లేదో చూస్తుంది. వీటిని శుద్ధీకరించిన రకాలు అనవచ్చు. 1991లో ఫ్రీమన్, ఫెన్నింగ్ అనేవాళ్లు ఈ దారి తెరిచారు. 2008లో శాన్ డియెగోలో రంజిత్ ఝాలా, ఆయన విద్యార్థులు చాలా షరతుల్ని మనిషి రాయకుండానే యంత్రమే కనిపెట్టే పద్ధతి తెచ్చారు. నేను చేరింది సరిగ్గా ఆ ఏడాదే. గిర్రున తిరిగే సంఖ్యలకు ఇట్లాంటి రకాల పద్ధతి ఒకటి కట్టి, అది నమ్మదగినదని రుజువు చేయడం నా పని.

కాగితం మీద రుజువు ముప్పై పేజీలు రాశాను. మా గైడు చదివి బాగుందన్నారు. దాన్ని కాక్ అనే రుజువు సహాయక ప్రోగ్రాములోకి ఎక్కించమన్నారు. ఫ్రాన్స్‌లో 1980లలో పుట్టిన కాక్‌కు ఈమధ్య రాక్ అని పేరు మార్చారు. ప్రతి మెట్టుకూ కారణం చెప్పకపోతే అది ముందుకు కదలదు. "స్పష్టమే కదా" అంటే దానికి అర్థం కాదు. ఒక చిన్న ఉపసిద్ధాంతం దగ్గర ఆగిపోయింది. ఆ ఉపసిద్ధాంతం ఏమిటంటే, ఏ సంఖ్య పరమమూల్యమైనా, అంటే గుర్తు తీసేసిన విలువ, సున్నాకు తగ్గదు. చిన్న పిల్లలకు తెలిసిన విషయం. నేను వారం రోజులు కాక్‌ను తిట్టాను, దాన్ని వాడడం సరిగ్గా రావట్లేదనుకున్నాను.

తర్వాత అది ఆగిన చోట ఏ సంఖ్య ఉందో చూశాను. మైనస్ 32,768. దాని గుర్తు తీసేస్తే 32,768 రావాలి. కానీ 16 గడుల్లో పట్టేది 32,767 వరకే. కాబట్టి తిరిగి మైనస్ 32,768 దగ్గరికే వస్తుంది. గుర్తు తీసేసినా రుణాత్మకంగానే మిగిలే సంఖ్య ఒకటి ఉంది. కాటా దగ్గర ఒకసారి చూసిన ఆ హద్దే మళ్లీ ఎదురైంది. ఆ ఉపసిద్ధాంతం మీద ఆధారపడ్డ పదకొండు పేజీలు పడిపోయాయి. రకాల నియమాలు మార్చి, రుజువు మళ్లీ కట్టేసరికి అయిదు నెలలు పట్టింది. మా గైడు కాగితం మీద చదివినప్పుడు ఆయనకూ కనపడలేదు, నాకూ కనపడలేదు. స్పష్టమే అనుకునే చోట మనిషి కన్ను ఆగదు.

పెద్ద పనులు కూడా జరిగాయి. ఫ్రాన్స్‌లో జేవియర్ లెరోయ్ బృందం కాంప్‌సర్ట్ అనే సి కంపైలర్‌ను కాక్‌లో రుజువుతో సహా రాసింది. 2009లో సిడ్నీ శాస్త్రవేత్తలు ఎస్‌.ఇ.ఎల్‌.4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను రుజువు చేశారు. ప్రోగ్రాము 8,700 వరుసలు, రుజువు రెండు లక్షల వరుసలు! ఖర్చు ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. మామిడి చీటీకి అంత రుజువు రాయమని నేను అనను. దానికి రకాలు సరిగ్గా పెడితే చాలు. మైక్రోసాఫ్టులో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి చేసిన స్లామ్ మధ్యేమార్గం. విండోస్ డ్రైవర్లు వేసిన తాళం తీస్తున్నాయా లేదా వంటి కొన్ని నియమాల్ని మాత్రమే యంత్రమే సరిచూస్తుంది. రాజమణి గారు ఆ తర్వాత పనిచేసిన మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల 2005లో బెంగళూరులోనే మొదలైంది.

భాషల వైపు తెలుగు పేరు కావాలంటే కె.వి. నోరి గారిది చెబుతాను. 1970లలో జ్యూరిచ్‌లో నిక్లౌస్ విర్త్ దగ్గర తయారైన పాస్కల్-పి కంపైలర్ వివరణ పత్రంలో రచయితల వరుసలో మొదటి పేరు ఆయనది. ఆ కంపైలర్ నిజమైన కంప్యూటరుకు కాకుండా ఒక ఊహా యంత్రానికి ఆజ్ఞలు తయారుచేస్తుంది. ఏ కొత్త కంప్యూటరు వచ్చినా ఆ ఊహా యంత్రాన్ని అనుకరించే చిన్న ప్రోగ్రాము రాస్తే చాలు. పాస్కల్ లోకమంతా పాకడానికి అదొక ముఖ్య కారణం. జావా తర్వాత ఇదే దారిలో నడిచింది.

డబ్బు సంగతి

మన ఇళ్లలో ఎవరూ పైకి అడగని ప్రశ్న ఇది. అమెరికాలో ఎం.ఎస్.కు సాధారణంగా ఫీజు మనమే కట్టాలి. ఇల్లో తోటో తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తెచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. కంప్యూటర్ సైన్సు పిహెచ్.డి.కి మాత్రం మంచి విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా ఫీజు ఉండదు, పాఠం చెప్పడంలోనో పరిశోధనలోనో సాయం చేసినందుకు నెలనెలా జీతం ఇస్తారు. అయిదారేళ్లు పడుతుంది. జీతం సర్దుకోవడానికి సరిపోతుంది గానీ ఇంటికి పంపేంత మిగలదు. చెల్లెలి పెళ్లి ఉన్న ఇంటి పెద్ద కొడుక్కి ఇది చిన్న విషయం కాదని నాకు తెలుసు. మన దేశంలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పును 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు చేశారు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే.

దూరం పోనక్కర్లేదు కూడా. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్లస్‌టూ తర్వాత గణితం, కంప్యూటర్ సైన్సు కలిపి బి.ఎస్సీ. ఉంది, ప్రవేశ పరీక్ష వాళ్లే పెడతారు. చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ, ఐ.ఐ.టి. మద్రాసు, బెంగళూరు ఐ.ఐ.ఎస్సీ., హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, అన్నిచోట్లా ఈ వైపు పనిచేసేవాళ్లున్నారు. ఇంజనీరింగ్ చదివేవాళ్లు గేట్ రాయాలి. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ పేపరును పాసు మార్కుల కోసం చదివి పక్కన పెట్టకండి, ఈ చదువుకు అదే పునాది. బెంజమిన్ పియర్స్, ఆయన మిత్రులు రాసిన సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్స్ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. చదవడం కాదు, అందులోని లెక్కలన్నీ కంప్యూటరులో చేయాలి. నాకు మొదటి అధ్యాయానికే మూడు వారాలు పట్టింది.

ఇక మీకో లెక్క. అ, ఆ అనే రెండు గడుల్లోని సంఖ్యల్ని మూడో గడి లేకుండా తారుమారు చేయాలి. దానికి మూడు వరుసలు:

అ = అ + ఆ
ఆ = అ − ఆ
అ = అ − ఆ

మొదట కాగితం మీది మామూలు సంఖ్యలకు ఇది సరైనదని రుజువు రాయండి. ఒక్కో వరుస తర్వాత ఏది నిజమో రాస్తే సరిపోతుంది. తర్వాత 16 గడుల గిర్రున తిరిగే సంఖ్యలకు ఆలోచించండి. అలో 30,000, ఆలో 5,000 ఉంటే మొదటి వరుసలోనే హద్దు దాటుతుంది. చివరికి వచ్చే జవాబు తప్పా, ఒప్పా? ఎందుకు? వేసి చూసి చెప్పడం కాదు, రుజువు కావాలి. కాగితం మీద చేతిరాతతో రాసి, పేరు, తరగతి వేసి ట్రస్టు ఆఫీసుకు పంపండి. తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో దేంట్లో రాసినా సరే. వచ్చిన ప్రతి కాగితం నేనే చదివి, తప్పు ఉన్న మెట్టు పక్కన గీత పెట్టి తిరిగి పంపుతాను.